శూన్యస్పర్శ సంజీవని

అవతారిక

కోల్‌కతా సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌లో, పేరు చెప్పనక్కర్లేని ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తలుపు మీద అంటించిన నోటీసే ఈ వ్యాఖ్యకు మూలం. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

మూలం

‘ల్యాబులోని సమస్త కంప్యూటర్లకు ఒకే సర్వర్ నుండి బహుళ ఆపరేటింగ్ సిస్టముల జీరో టచ్ డిప్లాయ్‌మెంట్ శనివారం నిరాటంకంగా జరుగును. అందరూ సహకరించగలరు.’

టీక

‘సమస్త’, ‘ఒకే’ సులభాలు కనుక వదిలేశాం. ‘సర్వర్ నుండి’ అన్నచోట కొంత ఆగాలి. మీట నొక్కగానే మేలుకున్న కంప్యూటరుకు నెట్‌వర్కులో ఇంకా చిరునామా లేదు. నెట్‌వర్క్ కార్డు ఊరందరికీ వినబడేలా కేకేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ దానికో ఐపీ అడ్రసిచ్చి, బూట్ ఫైలు ఏ సర్వర్లో ఏ పేరుతో ఉందో చెబుతుంది. ఈ ఏర్పాటే పీఎక్స్ఈ. ఇంటెల్ 1999లో ప్రకటించిన 2.1 పాఠం దీనికి ప్రమాణం. ఆ ఫైలు తెచ్చిపెట్టేది టీఎఫ్‌టీపీ. పాస్‌వర్డ్ అడగదు, ఫోల్డర్లో ఏముందో చూపించదు. 512 బైట్ల ముద్దలు కలిపి పెడుతుంది. ఒక ముద్ద దిగిందని కబురొస్తే గాని రెండోది అందించదు. ముద్దలు లెక్కపెట్టడానికి దానికున్నవి 16 బిట్లే కనుక, పాత పద్ధతిలో సుమారు 32 మెగాబైట్లు దాటితే లెక్క తప్పుతుంది. అందుకే చిన్న బూట్ లోడరును తెచ్చిచ్చి తప్పుకుంటుంది. గిగాబైట్ల బరువును హెచ్‌టీటీపీయో సాంబా షేరో మోస్తాయి.

‘బహుళ’ ఎందుకు? విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంటుంది, అది లేని పాత యంత్రాలకు ఉబుంటువో, సీడాక్ వారి బాస్ లినక్సో గతి. పైగా పాత బయోస్ యంత్రానికీ కొత్త యూఈఎఫ్ఐ యంత్రానికీ వేర్వేరు బూట్ ఫైళ్లు. ఎవరిది ఏ జాతో కేక వినగానే పోల్చుకుని సరైనది ఇవ్వగలగాలి. ఈ పని తెలిసినవాడు ఒక్క మెనూలో మూడు సిస్టములు పెట్టగలడు. అది నిజంగా మెచ్చుకోవలసిన విద్యే.

‘ఒకే’ అన్నదాన్ని వదిలేశామన్నాం గానీ, కోల్‌కతాలో కూర్చుని వదలడం అపచారం. ఈ ఊరి ఉత్తరాన, బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1955లో ఇంగ్లండు నుంచి హెచ్ఈసీ-2ఎం వచ్చింది. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదేనంటారు. ఆపరేటింగ్ సిస్టమనే వస్తువు దానికి లేదు. కొన్నేళ్లకే సోవియట్ ఉరాల్ వచ్చింది. 1966లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఈ ఊళ్లోనే ఐఎస్ఐజేయూ-1 కట్టారు. అప్పుడు ఒక్క యంత్రం చుట్టూ ఎందరో మనుషులు. ఇప్పుడు యంత్రాల నడుమ ఒక్క మనిషి.

ఆ సంస్థ పేరెత్తాక సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావును తలవకుండా ముందుకు పోవడం తెలుగు వ్యాఖ్యాతకు చేతకాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి 1941లో ఆయన ఇక్కడికి వచ్చారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలోని ఫలితానికే తరువాత క్రామర్-రావు హద్దు అని పేరొచ్చింది. ఎంత నేర్పుగా వేసినా, పక్షపాతం లేని అంచనాలోని అనిశ్చితి ఒక హద్దుకు దిగువకు పోదని దాని సారం. సున్నా అని గొప్పలు పోయే ముందు హద్దెక్కడో లెక్క కట్టమని ఈ ఊరే లోకానికి నేర్పింది. ఆ ఊళ్లోనే ఈ నోటీసు!

ఇంతకీ మనం నోటీసు దగ్గరున్నాం. ‘జీరో టచ్’ అనగా చెయ్యి తగలనిది. మైక్రోసాఫ్ట్ శాస్త్రంలోనే ‘లైట్ టచ్’, ‘జీరో టచ్’ అని రెండు భేదాలుండేవి. రెండోదానికి కాన్ఫిగరేషన్ మేనేజర్ అనే పెద్ద సరంజామా కావలసి వచ్చేది. అది కొనని చోట జరిగేది, మహా అయితే మొదటిది.

పూర్వపక్షం: వేక్ ఆన్ లాన్‌తో యంత్రాలను దూరం నుంచే లేపవచ్చు కదా?

సిద్ధాంతం: లేపవచ్చు. అందుకు బయోస్‌లో ఆ సదుపాయాన్ని ముందే తెరిచి ఉంచాలి. తెరిచేదెవరు? దాదా.

విద్యార్థులూ ప్రొఫెసర్లూ అందరూ దాదా అని పిలిచే ల్యాబ్ అటెండెంటు ఆయన. ప్రతి యంత్రం ముందూ వంగి ఎఫ్12 నొక్కేది ఆయనే. బూట్ వరస మార్చేదీ, కొక్కెం విరిగిన కేబుల్‌ను వేలితో నొక్కి పట్టుకునేదీ ఆయనే. నోటీసు లెక్కలో ఆ చెయ్యి సున్నా.

‘నిరాటంకంగా’: నలభై యంత్రాలు, ఒక్కోదానికి ఐదు గిగాబైట్లు అనుకుందాం, మొత్తం రెండు వందలు. గిగాబిట్ స్విచ్చయితే, అంతా సవ్యంగా ఉంటే, అరగంటకు కాస్త తక్కువ. ఎప్పుడో కొన్న వంద మెగాబిట్ స్విచ్చయితే దాదాపు నాలుగున్నర గంటలు. మల్టీకాస్ట్ పెడితే ఒకే ధార అందరికీ పంచవచ్చు. పెట్టారా అంటే జవాబు లేదు.

‘అందరూ సహకరించగలరు’: డిస్కులు చెరిగిపోతాయి, మీ ప్రాజెక్టు ఫైళ్లు మీరే కాపాడుకోండి అని భావం. ఆ ముక్క నేరుగా రాసి ఉంటే ఫైనలియర్ పిల్లలు శుక్రవారమే పెన్‌డ్రైవ్‌లు తెచ్చుకునేవారు.

తాత్పర్యం

శనివారం దాదాకు సెలవు లేదు.

నోటీసు రాసే పెద్దలకు మనవి: వచ్చేసారి ‘జీరో టచ్’ కొట్టేసి, దాదా ఎన్ని గంటలకు వస్తారో, ఆయన ఓవర్‌టైం ఎవరిస్తారో రాయండి. ఫైళ్లు చెరిగిపోతాయన్న సంగతి మొదటి వాక్యంలోనే, పెద్ద అక్షరాల్లో పెట్టండి.