పందిరిపెద్ద

వసంతము వచ్చినదని తెలిసికొనుటకు కవులకు కోకిల కలదు, పురోహితులకు పంచాంగము కలదు, మా వీధివారికి పందిరిపెద్ద కలడు. కోకిల ఒక్కొక్క యేడు ఆలసింపవచ్చును. మామిడిపూత మంచుకు మాడి మొండిచేయి చూపవచ్చును. కాని, సంక్రాంతి ముగ్గులు చెరగి, రథసప్తమినాటి చిక్కుడాకులలోని పరమాన్నపు రుచి నాలుకపైనుండి జారిపోయి, శివరాత్రితో చలి శివశివా యనుచు వెడలిపోయిన మఱునాటి ప్రొద్దుననే, భుజమున పురికొస చుట్టయు, చంకలో పంచాంగమును, చేత పిడి యూడిన కొడవలియు ధరించి, పిలువని పేరంటమునకు బయలుదేరిన వానివలె వీధి మొగను ఆయన ప్రత్యక్షము కాని సంవత్సరము నే నెఱిగినంతలో ఒక్కటియు లేదు.

కన్నెలకు వరులను, తీగెలకు ఊతలను సమకూర్చుటకే పుట్టిన యీ జాతి మనుష్యులు గోదావరిసీమలో వీధి కొక్కరైన నుందురు. మీ వీధిలో లేరందురా, ఆ పనిని అక్కడ మీరే చేయుచున్నారేమో ఒకసారి ఇంటివారి నడిగి చూడుడు. మా వీధి పెద్ద మాకు వరుసకు బాబాయి. ఎవరివైపునుండి, ఏ చుట్టఱికమున బాబాయి యగునో మా తండ్రిగారు రెండు మూడు మారులు లెక్క వేయబోయి, మధ్యలో ఎవరిదో దత్తత అడ్డము రాగా విరమించుకొనిరి.

పెళ్ళి నూరేండ్ల పంట యని లోకులు మాటవరుస కనుచుందురు. బాబాయి ఆ మాటను వ్యవసాయశాఖవారి కరపత్రమువలె అక్షరాక్షరము నమ్మినవాడు. పంట యనిన తరువాత విత్తనము చూడవలదా, నేల చూడవలదా, అదను చూడవలదా యని ఆయన వాదము. ఉగాదినాడు రామాలయపు అరుగుమీద పంచాంగశ్రవణము జరుగునప్పుడు, తక్కినవారందఱు తమ తమ రాశులకు ఆదాయ మెంత, వ్యయ మెంత, రాజపూజ్య మెంత, అవమాన మెంత యని వ్రేళ్ళు మడచుకొని లెక్కించుచుండగా, ఆయన చెవి రెండింటికే నిక్కబొడుచుకొనును: ఈ యేడు వాన యెన్ని తూములు, మూఢములు ఏనాటినుండి ఏనాటివఱకు? వేపపువ్వు పచ్చడి ఇంకను అరచేతిలో నుండగనే, ఆ రెండు సంగతులను సగము పెన్సిలుతో పంచాంగపు అట్టమీద గుర్తుపెట్టుకొని, అరుగు దిగి, పెండ్లికెదిగిన పిల్ల యున్న యింటివైపో, పెఱటిలో ఖాళీ యున్న యింటివైపో నడక సాగించును. రెండును ఉన్న యిల్లు మాది.

ఆయన మొలనుండు గుడ్డసంచిని గూర్చి కొంచెము చెప్పవలెను. అందులో అరటినార, అంటుకట్టు చాకు, పొడుముడబ్బీ, తక్కినదంతయు పొట్లములే. గింజలను పొట్లము కట్టుటకు ఆయన పాత శుభలేఖలను వాడును. జాతకములను మడచి పెట్టుటకును అవియే. నాలుగు మూలల పసుపుతో ఆ పొట్లములన్నియు కవలపిల్లలవలె నుండును. ఒకసారి కాకినాడవారితో సంబంధము మాటలాడుచు, "అమ్మాయి జాతకం చిత్తగించండి" అని బాబాయి అందిచ్చిన పొట్లమును వరుని తండ్రి కండ్లజోడు సవరించుకొని విప్పగా, జాతకచక్రమునకు మారుగా గుప్పెడు బెండగింజలు ఆయన యొడిలోనికి జలజల రాలినవి. మఱియొకడైనచో నేలచూపులు చూచును. బాబాయి రెప్పయైన వాల్పక, "శుభం బావగారూ! ఒళ్ళో గింజలు పడ్డాయి. వంశం వృద్ధి!" అనెను. సంబంధము కుదిరినది. అసలు జాతకము మా పెఱటిలో బయటపడినది. బెండగింజలనుకొని మా అమ్మ విప్పిన పొట్లములో ఉత్తరాభాద్ర రెండవ పాదము కానవచ్చినది. "పాదులో వెయ్యడానికి గింజలిమ్మంటే పాదం ఇచ్చారేవిటీ మరిదిగారు!" అని ఆమె దానిని కుంకుమభరిణెక్రింద భద్రపఱచెను.

తోటపనిలో ఆయన కెఱుకపడని శాస్త్రము లేదు, ఆయన చేత బ్రతికిన మొక్కయు లేదు. మల్లెపొదలకు చలికాలమందే ఆకు దూసి కొమ్మలు కత్తిరించినచో చైత్రమునకు చిగురుతోపాటు మొగ్గయు వచ్చును. బాబాయికిని ఆ సంగతి తెలియును గాని, ఆయనకది జ్ఞప్తికి వచ్చునది మొగ్గలు వేసిన తరువాత. మామిడికి అంటు కట్టుటకు తొలకరి పడి గాలిలో చెమ్మ చేరవలెనని కడియపులంక తోటమాలులు చెప్పుదురు. ఈయన చైత్రపు వడగాడ్పులో, కుండలోని టెంకమొలకను తెచ్చి, చిన్నరసపు చెట్టుకొమ్మ ప్రక్కకు చేర్చి, రెంటి తోలును చాకుతో సుతారముగా చెక్కి, చెక్కిన చోటుల నొకదాని కొకటి ఆనించి, అరటినారతో బిగించి చుట్టి, పైన పేడయు మన్నును మెత్తి, పసిపాప మాడునకు ఆముదము పెట్టినట్లు బొటనవ్రేలితో మెల్లగా అద్దును. "నరం నరం కలవాలిరా అబ్బాయీ. కలిసేదాకా కొమ్మని తల్లిచెట్టునించి కొయ్యకూడదు. తొందరపడ్డావా, రెంటికీ చెడ్డ రేవడివే. కొత్త పెళ్ళికూతుర్ని ఆషాఢంలో పుట్టింటికి ఎందుకు పంపుతారనుకున్నావ్?" అని బోధించును. వినుటకు ఎంతయో హాయిగా నుండును. పది దినములకు కుండలోని మొలక యెండును. ఆ కారణముచేత ఆషాఢమునకు నిందరాదు గదా.

ఆయన ప్రతిష్ఠయంతయు పొట్లపాదుమీద నిలిచినది. వంకర తిరుగు పిందె చివర చిన్న రాయి కట్టి వ్రేలాడదీసినచో కాయ నిటారుగా సాగును. ఇది ఎల్లవారును చేయునదే. ఈయన దీనిని సంసారసిద్ధాంతముగా పెంచెను. వరునికి చీట్లపేక వ్యసన మున్నదనియో, ఏ కొలువులోను ఆఱు నెలలు నిలువడనియో ఆడపిల్లవారు వెనుదీసినపుడు, "పిందె వంకర చూసి బెంగపడకండి. రాయి కడదాం" అనును. ఆ రాయి తామేయని గ్రహించిన పెండ్లికూతుండ్రు ఇద్దఱు ముగ్గురు ఆయనతో నేటికిని మాటలాడరు.

ఇన్ని విద్యలున్నను, పందిరి వేయుట యొక్కటియే ఆయనకు తపస్సు. ఖాళీజాగా కంట పడెనా, దానిపై నీడ లేదని ఆయన ప్రాణము కొట్టుకొనును. ఆయనవద్ద ఇరువదిరెండు వెదురుబొంగులు కలవు. అవి ఆయన స్వంతమో, ఎప్పటి పెండ్లిలోనో మిగిలినవో తెలియదు. మాఘమునందు అవి ఒకరి యింట బీరపాదుక్రింద నుండును. ఫాల్గునమున మఱొకరి యింట పెండ్లిపందిరియగును. చైత్రశుద్ధ నవమికి సీతారాముల కల్యాణమునకు రామాలయమునకు వచ్చును. ఎండలు ముదిరినచో చలివేంద్రమునకు పోవును. కావున మా వీధిలో ఎక్కడ పెండ్లి కుదిరినను మఱియెక్కడనో యొక తీగె నేల కూలక తప్పదు. కొన్నిండ్లలో ఆడువారు ఇరుగుపొరుగుల శుభవార్త వినగానే మొదట పెఱటిలోనికి పరుగెత్తి పాదు చూచుకొందురు.

మా అక్క పెండ్లి వైశాఖమున కుదిరినది. ఆనాడు ఆ బొంగులలో పండ్రెండు మా పెఱటిలోనే యుండెను. వాటిమీద మా అమ్మ నీరు పోసి పెంచిన బీరతీగె, పసుపుపచ్చని పూలతోను వ్రేలెడంత పిందెలతోను తొణికిసలాడుచుండెను. బాబాయి వచ్చి, మాటలాడక, ఒక బొంగును తట్టి చూచెను. మా అమ్మ వంటయింటినుండి కవ్వముతోనే వచ్చినది.

"మరిదిగారూ, దాని జోలికొస్తే ఊరుకోను. పిందెలమీదుంది."

"పిందెలు మళ్ళీ వస్తాయి వదినగారూ! ముహూర్తం పోతే మళ్ళీ శ్రావణమే. శుక్రమూఢం వచ్చేస్తోంది."

పెండ్లికూతురి తల్లికి ఈ లోకమున వాదించుటకు హక్కు లేదు. సాయంకాలమునకు బీరతీగె గోడవార పడియుండెను. ఆ పిందెలన్నియు పెండ్లినాటి పచ్చడిలోనికి వెళ్ళినవి. పచ్చడి బాగున్నదని మగపెండ్లివారు మెచ్చుకొనగా మా అమ్మ కండ్లు తుడుచుకొనెను. ఆడపిల్లను పంపుచున్న దుఃఖమని అందఱు ఓదార్చిరి.

అవి పంచదారకు పర్మిట్టు కావలసిన దినములు. అర్జీ వ్రాసిపెట్టుటకు కూర్చున్న బాబాయి, అతిథుల సంఖ్య అడిగినచోట పందిరి కొలతలు వ్రాసెను. ఆ సంగతి అంతటితో వదలుదును. లడ్డులు బెల్లముతోనే చేసితిమి.

తెలుగువారి పెండ్లిలో సేద్యమునకు నిజముగనే స్థానము కలదు. అంకురార్పణమని మట్టిపాలికలలో పుట్టమన్ను పోసి, పాలలో నానిన నవధాన్యములను చల్లి, ముత్తైదువలచేత నీరు చిలుకరింపజేయుదురు. అవి మొలకెత్తుట శుభసూచకము. పాలికల వాసన తగులగానే బాబాయి చొక్కాచేతులు మడచి ముందుకు వచ్చి, పుట్టమన్ను బిగిసియున్నదనియు, కొంచెము గుల్ల చేయవలెననియు సంచిలోని చాకు తీసెను. ఆయనను ముప్పదియేండ్లుగా ఎఱిగిన మా పురోహితులు మంత్రము మధ్యలో ఆపి, "నువ్వు చెయ్యి పెట్టకు నాయనా. ఇవి మొలవాలి" అనిరి. బాబాయి చాకు మడచి వెనుకకు జరిగెను. ఆ క్షణమున ఆయన ముఖము చూచి నాకు నవ్వు రాలేదు.

పందిరిరాట పాతుటకు మాత్రము ఆయనను కాదనువా రెవరు? రాటకు పాలకొమ్మ తెచ్చుట మా యింటి ఆనవాయితీ. పాలకొమ్మ ఎక్కడను దొరకలేదని, చెఱువుగట్టునుండి మణికట్టంత లావుగల పచ్చి రావికొమ్మను నఱికి తెచ్చి, దానికి నవధాన్యముల మూట కట్టించి, పసుపు పూయించి, ఈశాన్యమూల ఇంటిగోడకు రెండు మూరల దూరమున మోకాటిలోతు గోయి తీసి నిలువబెట్టెను. పెండ్లిసందడిలో అది పాలయో రావియో చూచినవారు లేరు.

ముహూర్తము రాత్రి 2 గంటల 40 నిమిషములకు. జీలకఱ్ఱబెల్లము పెట్టునప్పటికి పందిట నొకమూల కొబ్బరాకు జారుచున్నట్లు బాబాయికి అనుమానము కలిగినది. గట్టిమేళము మ్రోగునప్పుడు ఆయన నిచ్చెన చివరనుండెను. మూడుముళ్ళు పడునప్పటికి పందిరిమీద నుండెను. అక్షతలు వేయుచుండగా మా తలలమీద పైనుండియు అక్షతలు పడినవి, వాటితోపాటు కొంత తాటాకు చెత్తయు పడినది. ఊరిలో ఎన్నియో పెండ్లిండ్లు చేయించినవాడు మంగళసూత్రధారణము నొక్కటియైన కన్నులార చూచి యెఱుగడని అప్పుడు నాకు తట్టినది. ఆ మాట ప్రక్కనున్న పిన్నిగారితో అంటిని.

పిన్నిగారు తమలపాకునకు సున్నము రాయుచు తలయైన నెత్తక చెప్పసాగిరి. శారదాచట్టము 1930 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చి, పదునెనిమిదేండ్లు నిండని పిల్లవానికి, పదునాలుగు నిండని పిల్లకు పెండ్లి చేయుట నేరమైనప్పుడు, ఆ చట్టము చెల్లని పరాసువారి యానామునకు గోదావరిజిల్లాలవారు పిల్లలను వెంటబెట్టుకొని తరలిపోవుచుండెడివారు. యానామునకు కల్యాణపురమని పేరు పడినది అందుచేతనే. "నాకు పదకొండు, ఆయనకి పదిహేను. ఎదుర్లంకలో పడవెక్కాం. అక్కడ దిగితే ఏ గడప చూసినా పెళ్ళే! తాటాకు ముక్క దొరకలేదు నాయనా. ఎవరిదో గొడ్లసావిట్లో చూరుకింద తాళి కట్టించారు. 'నా బిడ్డ పెళ్ళికి పందిరైనా లేకపోయెనే' అని మా నాన్న భోరుమన్నారు. అది ఈయన విన్నారు." పిన్నిగారు ఆకు మడచి నోట నుంచుకొని, పందిరివైపు ఒకసారి చూచి, "ఆ బాకీ ఇంకా తీరుస్తూనే ఉన్నారు" అనిరి.

పదునాఱు రోజుల పండుగయు అయినది. పందిరి విప్పిరి, వెదుళ్ళు మఱొక యింటికి వెడలిపోయినవి. రాటను తీయవలసినదే కాని, తీయుటకు మంచిరోజు చూచెదనని బాబాయి పోయి మఱచెను. రోహిణికార్తె ఎండలలో ఊరిలోని పచ్చదనమంతయు వాడియున్న ఒకనాటి ఉదయమున, మా అమ్మ ఆ మోడుమీద చిలుకముక్కు రంగున రెండు చిగుళ్ళను చూచినది. పెండ్లిలో వందలమంది చేతులు కడిగిన నీరంతయు అటే పాఱినది. ఎవరును గుల్ల చేయలేదు, ఎరువు వేయలేదు, కత్తిరింపలేదు. రావికొమ్మ వేరు తన్నుకొనినది. గోడకు రెండు మూరలలో రావి యనిన ఇంటివారికి గుండె గుభేలుమనును. నఱుకుదమా, అది రావి. పెఱికివేయుదమా, అది అక్క పెండ్లిరాట.

బాబాయికి కబురంపితిమి. ఆయన వచ్చి, ఆ చిగుళ్ళయెదుట గొంతుకూర్చుండి, ముట్టుకొనక, చాలసేపు చూచెను.

"ఇది నేను పాతిందేనట్రా?"

"మీరే బాబాయిగారూ."

ఆయన పొడుముడబ్బీ తీసి, మూత తెఱచి, పీల్చకయే మూసెను. పిమ్మట లేచి, ఉత్తరీయముతో ముఖము తుడుచుకొని, "వదినగారూ, రావిని ఒంటరిగా ఉంచకూడదు. వేపనిచ్చి పెళ్ళి చెయ్యాలి. ఎవరింట్లోనైనా మంచి వేపమొక్క ఉందేమో చూస్తాను" అనెను. అనుచునే ఆయన చూపు పెఱటిలో అటునిటు తిరిగి, మా అమ్మ కొత్తగా పెట్టిన సొరపాదు పందిరిపై నిలిచి, ఒకటి, రెండు, మూడని బొంగులు లెక్కించుట మొదలుపెట్టెను. మా అమ్మ మాటలాడక లోపలికి వెళ్ళి, పీట తెచ్చుకొని, ఆ పందిరిక్రింద నడిమిగా వేసికొని కూర్చుండెను.