బావకు, జిమ్ మార్పిడి విషయమై

ప్లేనో, టెక్సాస్
మే నెల, ఆదివారం

బావా,

  మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి జవాబు దాటేశాను, పక్కన మా ఆవిడ ఉంది మరి. "పిల్లని ఆ చీర్‌లీడింగ్ జిమ్ములో వేశారు కదా, ఓనమాల నుంచి పైమెట్టు దాకా అక్కడే ఉంటాదా, మధ్యలో మారిపోద్దా?" అన్నావు. రిటైరైన డ్రిల్లు మాస్టారివి, నీకా అనుమానం రావడం న్యాయమే. నెల్లాళ్ళుగా మా ఇంట్లో జరుగుతున్న యుద్ధమూ అదే.

ముందు అమ్మ సంగతి. ఐపీఎల్లో ఫోరు పడ్డప్పుడల్లా గెంతే అమ్మాయిల్ని తలుచుకుని బెంగెట్టుకుందట. ఇది అది కాదని చెప్పు. ఇది పోటీ. వీళ్ళు ఎవరి ఆటకీ చప్పట్లు కొట్టరు, వీళ్ళదే ఆట. రెండున్నర నిమిషాల్లో పిల్లిమొగ్గలు వెయ్యాలి, ఒకర్నొకరు ఎత్తుకోవాలి, గాల్లోకి విసిరి పట్టుకోవాలి, డాన్సు చెయ్యాలి. అంతసేపూ నవ్వుతూనే ఉండాలి, హావభావాలకీ మార్కులున్నాయి. 1898లో మిన్నెసోటా యూనివర్సిటీలో జానీ కాంప్‌బెల్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ మ్యాచిలో జనం చేత కేకలు వేయించడంతో మొదలైన వ్యవహారం ఇది. మొదట్లో అంతా మగపిల్లలే. 2021లో ఒలింపిక్ కమిటీ ఈ ఆట సమాఖ్యకి పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది.

ఇందులో ఒకటి నుంచి ఏడు దాకా లెవెళ్ళు. ఒకటిలో దొర్లడం, చేతుల మీద చక్రంలా తిరగడం. రెండులో చేతుల మీదుగా వెనక్కి గెంతాలి. మూడులో చేతులు నేలకి ఆనకుండా పల్టీ. నాలుగులో అదే పల్టీ ఒళ్ళు నిటారుగా ఉంచి. ఐదులో దానికి ఒక మెలి, ఆరులో రెండు. పైలెవెళ్ళ జట్లు ఏటా ఏప్రిల్లో ఓర్లాండోలో జరిగే వరల్డ్స్‌కి వెళ్ళాలని కొట్టుకుంటాయి. దానికి ముందు ఏదో ఒక పోటీలో 'బిడ్' గెలవాలి. కొన్ని బిడ్లకి ఖర్చులు వాళ్ళే ఇస్తారు. మిగతావాటికి మన ఖర్చుతో మనమే గర్వపడాలి.

నీ సిద్ధాంతం నాకు తెలుసు, ఒకే గురువు, ఒకే గోదా. దానికి నువ్వు దీపా కర్మాకర్ పేరు చెప్తావు. నిజమే, ఆ పిల్ల అగర్తలాలో బిశ్వేశ్వర్ నంది దగ్గరే ఎదిగి 2016 రియోలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. మరి మన పక్క జిల్లా కరణం మల్లీశ్వరి? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. తర్వాత జాతీయ శిబిరాలకి, వేరే కోచుల దగ్గరికి వెళ్ళింది. 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చినప్పుడు అప్పన్న గారిని మోసం చేసిందని ఆమదాలవలసలో ఎవరైనా అన్నారా? సైనా నెహ్వాల్ 2014లో గోపీచంద్‌ని వదిలి బెంగళూరు వెళ్ళింది, 2017లో మళ్ళీ వచ్చేసింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

అయితే వాళ్ళందరికీ ఒక సుఖముంది బావా. ఒంటరి ఆటలు. బరువు పెరిగితే మల్లీశ్వరి ఒక్కతే పెరిగిన బరువెత్తుతుంది. ఇక్కడ పైన ఒక పిల్ల నిలబడాలంటే కింద ఇద్దరు బేసులు, వెనకాల బ్యాక్ స్పాట్ ఒకతె. అలాంటి గుంపులు నాలుగైదు కలిస్తే జట్టు. మన పిల్ల ఒక్కతీ నాలుగో లెవెల్‌కి వచ్చేస్తే చాలదు, ఆ ఊళ్ళో, ఆ వయసులో, ఆ సాయంత్రానికి దించే తల్లిదండ్రులున్న ఇరవై మంది పిల్లలు నాలుగో లెవెల్‌కి రావాలి. మా చిన్న జిమ్ములో మూడుతో సరి. మా దానికి నిటారు పల్టీ నిరుడే వచ్చింది. జట్టు రాలేదు. రాత్రే పాఠం చదివేసిన పిల్లలా తోటివాళ్ళ కోసం కూర్చుంది ఏడాదంతా.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: చిన్న జిమ్ములో మొదలెట్టి పైకెళ్ళాలనుకున్నవాళ్ళు ఎక్కడో ఒకచోట మారక తప్పదు. మారనివాళ్ళూ ఉన్నారు. ఈ ప్లేనోలోనే చీర్ అథ్లెటిక్స్ లాంటి పెద్ద జిమ్ములున్నాయి. పసిపిల్లల జట్టు నుంచి వరల్డ్స్ జట్టు దాకా అన్నీ ఒకే కప్పు కింద. అక్కడ పుట్టి అక్కడే పెరిగిన పిల్లల విశ్వాసం గురించి అందరూ పొగుడుతారు. నన్నడిగితే అందులో సగం గొప్పదనం వాళ్ళ ఇంటి అడ్రసుది.

కానీ మే నెలొచ్చిందంటే చూడాలి. ఎంపికలు జరిగే నెల. వేరే జిమ్ము ఎంపికకి వెళ్ళేవాళ్ళు పెళ్ళిచూపులు దాచినట్టు దాస్తారు. పాత జిమ్ము రిబ్బను కారు డిక్కీలో, కొత్త టీషర్టు లోపల, పైన స్వెటరు. టెక్సాస్ ఎండలో! తెలిసిందా, వాట్సాప్ గ్రూపులోంచి పేరు ఎగిరిపోతుంది. నిన్నటిదాకా నా బిర్యానీ తిన్న ఒక తండ్రి ఇప్పుడు కొట్లో కనిపిస్తే పప్పుల వరస వైపు తిరిగిపోతున్నాడు.

మా ఆవిడ పాత కోచ్ వైపు. "మొదటి పిల్లిమొగ్గ నేర్పింది ఆవిడ కాదా?" అని కళ్ళు తుడుచుకుంటోంది. నేను మైళ్ళ లెక్కల వైపు. కొత్త జిమ్ము ఇంకా దూరం, సాయంత్రం హైవే సంగతి నీకు తెలీదు. విశ్వాసం గురించి నేను ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. పిల్ల అంతా విని, "నాన్నా, నువ్వు ఎన్ని కంపెనీలు మారావు?" అంది. మా ఆవిడ వేళ్ళు మడవడం మొదలెట్టింది. పార్వతీపురం కాలేజీ నుంచి మొదలుపెట్టి విశాఖపట్నం, హైదరాబాదు అంటూ రెండో చెయ్యి తీసేసరికి నేను చెత్తబుట్ట బయట పెట్టడానికి లేచాను.

అసలు మనకి ఈ నీతి ఎక్కడిది బావా? మన తాత విశాఖపట్నం జిల్లాలో పుట్టాడు. 1936లో ఒడిశా వచ్చింది, కోరాపుట్ జిల్లా వాడయ్యాడు. 1992లో రాయగడ జిల్లా వాడయ్యాడు. రెండుసార్లు జిమ్ము మారాడు, అరుగు మీంచి లేవకుండా, ఎంపికలకి వెళ్ళకుండా. ఇక్కడా అలాంటివి జరుగుతుంటాయి, పిల్ల ఉన్నచోటే ఉంటుంది, జిమ్ము ఇంకొకరికి అమ్ముడుపోయి బోర్డు మారుతుంది. ఇప్పుడు మీ రైల్వే స్టేషను వంతట కదా, వాల్తేరు నుంచి రాయగడ డివిజనుకి, 2025లో శంకుస్థాపన కూడా అయిందన్నారు. ఇక జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారైతే సంస్థానం ఒడిశాకి పోయినా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలిచ్చాడు. కొత్త జిమ్ములో ఉండి పాత జిమ్ముకి ఫీజు కట్టినవాణ్ణి ఆయన్ని తప్ప ఇంకొకర్ని నేను వినలేదు. ఈ మాట మా పాత జిమ్ములో చెప్పకు, బిల్లు పంపగలరు.

చివరికి మార్చాం. పాత కోచ్‌కి మా ఆవిడే వెళ్ళి చెప్పింది. ఆవిడ ఏడవలేదట, "నాలుగో లెవెల్ జట్టు కట్టలేకపోయాను, వెళ్ళండి" అందట. పల్టీల ట్యూషనుకి మాత్రం వారానికోసారి ఇంకా ఆవిడ దగ్గరికే పంపుతున్నాం. కొత్తచోట తీసుకున్నారు, కాకపోతే ఒక మెలిక. ఇన్నాళ్ళూ పైన నిలబడ్డ పిల్ల ఈ ఏడు నాలుగంగుళాలు పెరిగింది. పైనుంచి దించి బేసుగా కింద పెట్టారు. రెండ్రోజులు అలిగి, మూడోరోజు నుంచి భుజాల కసరత్తులు మొదలెట్టింది.

అమ్మకి ఈ సంగతి తెలీదు. కొత్త జట్టు ఫొటో పంపాను కదా, అందులో పైన నిలబడ్డ పిల్లే మనమరాలని జేకేపూర్ కాలనీ అంతా చూపించేసిందట. మనది కిందన, కుడిపక్క, ఆ పిల్ల మడమ పట్టుకుని ఉంది. "జుట్టు బంగారం రంగులో ఉందేటిరా?" అని అమ్మ అడిగితే స్టేజీ లైట్లకి అలా కనిపిస్తుందన్నాను. నిన్నడిగినా అదే చెప్పు.

ఇట్లు,
నీ బావమరిది