డాక్టరమ్మగారి బండి

హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ కార్లన్నీ డాక్టర్లవే. "డాక్టరమ్మగారి బండి సార్. ఇంటి నుంచి హాస్పిటలు, హాస్పిటలు నుంచి ఇల్లు. సింగిల్ ఓనర్, షోరూం మెయింటెనెన్స్." బంజారాహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఏ బ్రోకర్ని కదిపినా దాదాపు ఇదే పాఠం. ఇన్నేసి బళ్ళు నడిపిన ఆ డాక్టరమ్మలు రోగుల్ని ఎప్పుడు చూశారో దేవుడికే ఎరుక.

ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే పాఠంలో చిన్న మార్పు. "ఫలానా హీరోగారింట్లో తిరిగిన బండి సార్." తిరిగిన మాట నిజం. హీరోగారు మాత్రం దాన్ని ఎన్నడూ చూసి ఉండరు. ఆర్సీ మీద ప్రొడక్షన్ కంపెనీ పేరు, డ్రైవరు సీట్లో రోజుకొక కుర్రాడు, వెనక సీట్లో విగ్గులు, కాస్ట్యూములు, భోజనం క్యారియర్లు. తెల్లవారుజామున ఫిల్మ్‌నగర్లో బయల్దేరి రామోజీ ఫిల్మ్‌సిటీకి, ప్యాకప్ అయ్యాక అర్ధరాత్రి వెనక్కి. ఇంతా చేస్తే మీటరు మీద 42 వేల కిలోమీటర్లు. సినిమా వాళ్ళ పేటలో వయసు దాచడం కొత్తేమీ కాదు. అరవై దాటిన హీరో కాలేజీ బ్యాగు తగిలించుకుని వస్తే ఈల వేసిన వాళ్ళం, 42 వేలంటే నమ్మమా?

ఈ గొడవంతా మా మిత్రుడొకాయన వల్ల నా నెత్తికెక్కింది. డైలాగు రైటరు. ఆయన డస్టరు 2013 నాటిది, నంబరు ఏపీ 09. రాష్ట్రం రెండైంది, ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది, ఆ తరం డస్టరు అమ్మకాలే మన దేశంలో 2022లో ఆగిపోయాయి. ఆ బండి మాత్రం ఏపీ 09గానే రెండు లక్షల కిలోమీటర్లు దాటేసింది. గతుకు కనబడితే మూలుగుతుంది, ఎండ ముదిరితే ఏసీ అలుగుతుంది. అన్నీ భరించాడు. ఒకరోజు కథ చెప్పడానికి జూబ్లీహిల్స్‌లో ఓ ఆఫీసుకు వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ బండిని ఎగాదిగా చూసి, "డెలివరీలు వెనక గేటు నుంచి" అన్నాడట. అది మాత్రం భరించలేకపోయాడు.

ఈ కొండల మీద బండికి విలువ కట్టేది ఇద్దరే. ఒకరు గేటు దగ్గరి వాచ్‌మన్, ఇంకొకరు రెస్టారెంటు ముందు తాళాలు తీసుకునే వాలే కుర్రాడు. వాలే కుర్రాడు బెంజిని గుమ్మం ముందు పెడతాడు, పోర్షేని దాని పక్కన పెడతాడు, మీ కాంపాక్ట్ ఎస్‌యూవీని సందు చివర కరెంటు స్తంభానికి ఆనించి వస్తాడు. కాబట్టి మావాడి షరతులు తేలిగ్గానే తేలాయి: చూడ్డానికి ఎత్తుగా ఉండాలి, తెలుపై ఉండాలి, సన్‌రూఫ్ ఉండాలి. ఇంజను గురించి అడిగితే "ఉంటుందిగా" అన్నాడు.

ఎత్తు సంగతి సరే, పొడవు సంగతి వినండి. బ్రెజా, నెక్సాన్, వెన్యూ, సోనెట్ ఏది కొలిచినా 3,995 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. నాలుగు మీటర్లు దాటితే పన్ను పెరుగుతుంది కనక ఆ అయిదు మిల్లీమీటర్లూ కోసేశారు. మన ఎస్‌యూవీని గీసింది డిజైనరు కాదు, పన్నుల శాఖ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కొలతలో ఉండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని కొత్త బండికి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైన ఉండే సెస్సూ పోయింది. కొత్తది దిగితే పాతదీ దిగాలి. ఈ కబురు బ్రోకర్లకు ఇంకా అందినట్టు లేదు. మీరే చెప్పండి, ధర మాట్లాడేటప్పుడు.

మొదట చూపించింది 2021 డీజిల్ బండి. మైలేజీ ఇరవై అన్నాడు బ్రోకరు. మావాడి రోజువారీ ప్రయాణం ఫిల్మ్‌నగర్ నుంచి కృష్ణానగర్, అక్కణ్ణించి అన్నపూర్ణ స్టూడియో, మధ్యలో చెక్‌పోస్టు దగ్గర అరగంట ధ్యానం. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 డీజిల్ బళ్ళలో పొగమసి పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. అది బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. దానికి అప్పుడప్పుడు హైవే మీద నిలకడైన వేగం పడాలి. సిగ్నలు నుంచి సిగ్నలుకు పాకే బండిలో అది పూడుకుపోయి లైటు వెలుగుతుంది, మార్చాలంటే బిల్లు వెలుగుతుంది. నెలకోసారైనా ఔటర్ రింగు రోడ్డెక్కే పని లేనివాళ్ళకు పెట్రోలే దిక్కు. పెట్రోలుకూ ఓ మెలిక ఉంది. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది. 2023కు ముందు బళ్ళలో చాలావాటిని దానికోసం తయారుచేయలేదు. యజమాని పుస్తకంలో ఏం రాసుందో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

రెండోది ఆటోమేటిక్. మా బంజారా, జూబ్లీలు పేరుకే హిల్స్ కాదు, నిజంగానే కొండలు. ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగి, బ్రేకు వదిలి, బండి వెనక్కి జారుతుందా, కాలిన వాసన వస్తుందా చూడాలి. బ్రోకరు ట్రయలుకు ఎప్పుడూ చదును రోడ్డే చూపిస్తాడు. మీరు పట్టుబట్టి ఏటవాలు రోడ్డెక్కించండి.

మూడోది నెక్సాన్. దానికి 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో అయిదు స్టార్లిచ్చింది, మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిసారి. ఇద్దరు స్టార్లుంటేనే మల్టీస్టారర్ అనే పేటలో అయిదంటే మాటలా! మావాడు అక్కడికక్కడే ఫ్లాటు. మేం వెంట తీసుకెళ్ళిన మెకానిక్ భాయ్ మాత్రం డోరు రబ్బరు పీకి లోపలి వెల్డింగు చూసి పెదవి విరిచాడు. పిల్లరు కోసి అతికించిన బండికి ఆ స్టార్లు వర్తించవు. అద్దాల మీద తయారీ సంవత్సరం కోడ్ ఉంటుంది, ఒక్క అద్దం తేడాగా ఉన్నా ఎందుకు మారిందని అడగాలి. టైరు మీద నాలుగంకెలు ఏ వారం, ఏ ఏడాది పుట్టిందో చెబుతాయి. "మీటర్ గాదు సార్, పెడల్ జూడుండ్రి" అన్నాడు భాయ్. చూశాం. 42 వేలు తిరిగిన బండికి బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి మెరుస్తోంది. డాక్టరమ్మది మహా బరువైన పాదమై ఉండాలి.

నాలుగోదానిలో అగరుబత్తి వాసన గుప్పుమంది. కార్లో ఇంత భక్తి ఎందుకా అని సీటు బెల్టును చివరిదాకా లాగితే, లోపల చుట్ట చుట్టుకుని ఉన్న భాగం మీద బురద గీత. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగింది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. మునిగిన బళ్ళన్నీ తుక్కుకు పోలేదు. కడుక్కుని, ఆరబెట్టుకుని, సెంటు కొట్టుకుని పెళ్ళిచూపులకు కూర్చున్నాయి.

"పోనీ ఢిల్లీ బండి తెప్పించనా అన్నా? సగం రేటు" అన్నాడు బ్రోకరు. పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళు అక్కడ తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ అంటే, 2018లో సుప్రీంకోర్టు ఔనంది. 2025లో ఆ కోర్టే పట్టు కొంత సడలించేదాకా గడువు దగ్గరపడిన బళ్ళు దక్షిణాదికి దిగాయి. సగం రేటు వినబడినంత బాగా ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ వినబడదు.

చివరికి మావాడు పెనుకొండలో తయారైన పెట్రోలు సోనెట్ కొన్నాడు. "మన రాయలసీమ పిల్ల" అన్నాడు. ఆయనది భీమవరం. ఫ్యాన్సీ నంబరు కావాలని కాసేపు మారాం చేశాడు. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో ఒక్క 9999 పాతిక లక్షలకు పైగా పలికిందని చెబితే ఊరుకున్నాడు. ఆ డబ్బుతో ఇలాంటి బళ్ళు రెండు మూడు వస్తాయి. మంచి రోజు చూసి పెద్దమ్మ గుడికి తీసుకెళ్ళి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు.

డస్టరును కృష్ణానగర్ కుర్రాడికి అమ్మేశాడు. డబ్బు తీసుకుని తాళం ఇచ్చాడు, సంతకాలు తర్వాత చూద్దామన్నాడు. దాని మీద పాత చలాన్లు ఇంకా ఉన్నాయి. 2022లో కార్ల చలాన్లకు సగం తగ్గించారు, 2023 డిసెంబరులో అరవై శాతం తగ్గించారు, ఈసారి డెబ్బై రాకపోతుందా అని చూస్తున్నాడు. ఈలోగా ఆ కుర్రాడు సిగ్నలు దాటినప్పుడల్లా మావాడి ఫోను మోగుతోంది. ఫోను మోగడంతో పోతే అదృష్టమే. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం కట్టాల్సింది ఆర్సీలో పేరున్న యజమానేనని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. రాష్ట్రంలోనే చేతులు మారితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పడాలి. నిమ్మకాయలు కొనేముందు ఆ కాగితాలు ఇచ్చి రండి.