పికప్పు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
కొత్త బండి వెనుక గుర్తులు నాలుగు
పీకవలెనొ, యుంచి పెట్టవలెనొ,
ఆలి యొకటి పలుకు, నబ్బాయి వేరొండు,
ఏమి సేతు ననుచు నింటిపెద్ద.

అవతారిక

టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన, తెలుగువాళ్లు దండిగా ఉండే ఫ్రిస్కో అనే ఊళ్లో, ఒక గ్యారేజీ ముందు ఈ పద్యం పుట్టింది. కాలం శనివారం పొద్దున, కాఫీ తర్వాత, ఇండియాకు చేసే ఫోన్లకు ముందు. కవి పేరు ఎక్కడా లేదు. నాలుగో పాదంలోని ఇంటిపెద్దే కవి అని ఒక పక్షం. మూడో పాదం చదివాక ఆ ఇంట్లో పెద్ద ఎవరో తేల్చడం కష్టమని మరో పక్షం.

అమెరికాలో తెలుగువాడు మొదట క్యామ్రీయో అకార్డో కొంటాడు. పిల్లలు పుట్టి, అత్తమామలు దిగాక, ఒడిస్సీ కొంటాడు. ఈ రెండూ అవసరాలు. పికప్పును మాత్రం కోరికతో కొని, తర్వాత అవసరాలు వెతుక్కుంటాడు. పెరట్లో గోంగూర మడులకు ఎరువు బస్తాలు తేవాలంటాడు. వినాయక చవితికి విగ్రహం మోయడానికి మనవాళ్లలో ఎవరో ఒకరికి పెద్ద బండి ఉండాలంటాడు. కవి ఈ జోలికి పోలేదు గనుక మనమూ పోవద్దు.

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడలేడు. రెండోదానికి అసలే కట్టుబడలేడు.

ప్రతిపదార్థం

కొత్త బండి = ఫోర్డ్ వారి ఎఫ్-150 అనే పికప్పు యొక్క; (కొత్త అనగా లోపలి తెర మీది ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవనిది)
వెనుక = టెయిల్‌గేటు మీదను, దానికి ఇరుపక్కలను;
గుర్తులు నాలుగు = కంపెనీ నీలం బిళ్ల, బండి ఏ తరగతిదో చెప్పే వెండిరంగు అక్షరాలు, ఫోర్ బై ఫోర్ అనే స్టిక్కరు, బండి అమ్మిన డీలరు పేరు అనే నాలుగింటిని;
పీకవలెనొ = ఊడదీయవలెనా;
ఉంచి పెట్టవలెనొ = ఉన్నవి ఉన్నట్టు వదలవలెనా; (అని సందేహము)
ఆలి = భార్య;
ఒకటి పలుకు = ఉంచమనును;
అబ్బాయి = పదిహేనేళ్లు దాటి లర్నర్ పర్మిట్ చేతికొచ్చిన కొడుకు;
వేరొండు = పీకమనును;
ఏమి సేతునని = ఏం చేతురా దేవుడా అని;
ఇంటిపెద్ద = బండికి నెలనెలా వాయిదా కట్టువాడు.

పద్యంలో ఇంటిపెద్దకు సమాపక క్రియ లేదు. "నిలుచుండెను" అని అధ్యాహారం చేసుకోవాలి. దీన్ని దోషంగా ఎంచరాదు. గ్యారేజీ ముందు జరిగింది అంతే గనుక కవి ఉన్నదే రాశాడు.

తాత్పర్యం

కొత్తగా కొన్న పికప్పు వెనకాల ఉన్న లోగోలు తీసేయాలా వద్దా అని ఒకాయనకు అనుమానం వచ్చింది.

విశేషం

"ఆలి యొకటి పలుకు" అన్నచోట ఆవిడ పలికిన ఆ ఒకటి ఏమిటో కవి దాచాడు. సంప్రదాయం వల్ల తెలిసింది ఇది: "ఏమండీ, గుడి దగ్గర వాహనపూజలో పంతులుగారు బొట్టు పెట్టింది ఆ నీలం బిళ్ల మీదే కదా! బొట్టు పెట్టినదాన్ని పీకుతారా?" ఇది భక్తిపక్షం. దీని వెనక అర్థశాస్త్రం కూడా ఉంది. "రేపు అమ్మబోతే, బిళ్లలు లేకపోవడం చూసి ఏదో గుద్దేసి మళ్లీ రంగు కొట్టించారనుకోరూ?" రెండో వాదం గట్టిది. వాడిన బండి కొనేవాళ్లు వెనక తలుపును వేలితో తడిమి చూసేది అందుకే.

అబ్బాయి వాదం: "నాన్నా, డబ్బులిచ్చి కొన్నది మనం. మళ్లీ వాళ్లకు ఊరికే ప్రచారం ఎందుకు?" ఈ మాట అన్నప్పుడు అతని టీషర్టు మీద ఒక బూట్ల కంపెనీ పేరు జానెడు అక్షరాలతో ఉంది. కవి చెప్పలేదు, వ్యాఖ్యాత గమనించాడు.

"గుర్తులు నాలుగు" అన్న సంఖ్య మీద ఒక శంక. ఐదో గుర్తు సంగతేమిటి? కొడుకు బండి నేర్చుకుంటున్నాడని, వెనకవాళ్లు కాస్త ఓపిక పట్టాలని చెప్పే పసుపుపచ్చ అయస్కాంతపు బోర్డు ఒకటి తల్లి కొని తెచ్చింది. అది పెట్టగానే జారి కిందపడింది. ఎఫ్-150 బాడీని 2015 మోడల్ నుంచి అల్యూమినియంతో చేస్తున్నారు, దానికి అయస్కాంతం అంటదు. ఊడి రావాలన్నవి రాక, అంటుకోవాలన్నది అంటుకోక, ఇంటిపెద్ద నడుమ చిక్కాడు. కనుక నాలుగు అన్న లెక్క సరైనదే.

నీలం బిళ్ల గురించి

మిగతా మూడూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. నీలం అండాకారంలో తెల్లని చేతిరాత. 1927లో వచ్చిన మోడల్ ఏ కారు రేడియేటరు మీద మొదటిసారి కూర్చుంది. అప్పటి నుంచి మధ్యలో కొంతకాలం పక్కకు తప్పుకున్నా మళ్లీ వచ్చింది.

దాన్ని ఉత్త ప్లాస్టిక్ ముక్కగా తీసిపారేయబోయే అబ్బాయి పక్షంవారు ఒక సంగతి వినాలి. 2006 చివర్లో ఫోర్డ్ కంపెనీ చేతిలో డబ్బు ఆడక, దాదాపు 2350 కోట్ల డాలర్ల అప్పుకు వెళ్లింది. అప్పిచ్చేవాళ్లు ఫ్యాక్టరీలతో ఊరుకోలేదు. ఈ నీలం గుర్తు మీది హక్కును కూడా తాకట్టు పెట్టమన్నారు. కంపెనీ పెట్టింది. ఎఫ్-150 అన్న పేరునూ పెట్టింది. 2012 మే నెలలో రేటింగు సంస్థలు కంపెనీ పరపతి కుదుటపడిందని ఒప్పుకున్నాక గానీ అది విడిపించుకోలేదు. అంటే ఆ అయిదేళ్ల పైచిలుకు కాలంలో అమెరికా రోడ్ల మీద తిరిగిన ప్రతి ఫోర్డ్ బండీ తాకట్టులో ఉన్న గుర్తును మోసుకు తిరిగింది.

ఇంకో సంగతి. 2022 సెప్టెంబరులో అంతా తయారై, టైర్లూ ఇంజనూ బిగించి, నడపడానికి సిద్ధంగా ఉన్న కొన్ని ఎఫ్-సిరీస్ పికప్పులను డీలర్లకు పంపడం ఆలస్యమైంది. కారణం, ఈ బిళ్లల కొరత. లోగో లేకుండా బండిని ఫ్యాక్టరీ గేటు దాటించడానికి కంపెనీకి మనసొప్పలేదు. అక్కడ అది లేక బండ్లు ఆగాయి. ఇక్కడ అది ఉండి బండి ఆగింది, గ్యారేజీ ముందు.

అచ్చు వేయడం

పశువుకు ముద్ర వేయడం టెక్సాస్‌లో పాత విద్య. కాల్చిన ఇనుముతో వేసే ఆ గుర్తును కౌంటీ గుమస్తా కార్యాలయంలో నమోదు చేయించాలి, నేటికీ అదే చట్టం. 1853లో మొదలైన కింగ్ రాంచ్ పశువుల మీది వంకర గీతల ముద్ర, 2001 నుంచి ఎఫ్-150లో ఒక ఖరీదైన తరగతి తోలు సీట్ల మీదికి ఎక్కింది. ఆవు తొడ మీద కాల్చిన గుర్తు మనిషి నడుం ఆనించుకునేచోటికి చేరింది. కంపెనీవారు దానికి అదనంగా డబ్బు తీసుకుంటారు.

మన దగ్గర లెక్క తిరగబడి ఉంటుంది. వృషోత్సర్గంలో కోడెకు త్రిశూలం, చక్రం ముద్రలు వేసి వదిలేస్తే అది ఇక ఎవరిదీ కాదు, ఎవరి చేలో పడినా కొట్టేవాడు లేడు. అచ్చోసిన ఆంబోతు అని తిట్టేది అందుకే. టెక్సాస్‌లో అచ్చు ఉంటే యజమాని ఉన్నట్టు, మన ఊళ్లో అచ్చు ఉంటే యజమాని లేనట్టు. ఈ ఇంటిపెద్ద రెండు దేశాల మనిషి గనుక, బిళ్ల ఉంచితే ఏ అర్థం వస్తుందో, పీకితే ఏ అర్థం వస్తుందో తేల్చుకోలేక నిలబడ్డాడని వ్యాఖ్యాత అభిప్రాయం. ఆయన మాత్రం తనకు ఆంబోతు గుర్తే రాలేదంటున్నాడు.

ఇక్కడ ఒక విరోధాభాసం చెప్పక తప్పదు. శాన్ ఆంటోనియోలో శామ్యూల్ మావరిక్ అనే లాయరు ఉండేవాడు. 1836 నాటి టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవారిలో ఒకడు. రావలసిన బాకీ కింద ఆయనకు నాలుగు వందల పశువులు దక్కాయి. వాటికి ముద్రలు వేయించే ఓపిక ఆయనకు లేకపోయింది. అలా ముద్ర లేక తిరిగే దూడను ఆయన పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు, తర్వాత ఎవరి అదుపుకూ లొంగని మనిషినీ అలాగే అన్నారు. ఫోర్డ్ వారు 2021లో ఒక చిన్న పికప్పు ప్రకటించి దానికి మావరిక్ అని పేరు పెట్టారు. పెట్టి ఊరుకోక, ఆ పేరును వెనక తలుపు రేకులోనే పెద్ద అక్షరాలతో అచ్చొత్తారు. ముద్ర లేనిదని చెప్పే ముద్ర, ఊడదీయడానికి వీల్లేకుండా.

పాఠాంతరం

రెండో గుర్తు, అంటే తరగతి పేరు, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. రామ్ వారి పికప్పు ఇతర రాష్ట్రాల ప్రతుల్లో "బిగ్ హార్న్" అని కనిపిస్తే, టెక్సాస్ ప్రతుల్లో అదే చోట "లోన్ స్టార్" అని ఉంటుంది. బండి ఒకటే. షెవర్లే వారిది మరోచోట "ఆల్ స్టార్", ఇక్కడ "టెక్సాస్ ఎడిషన్". టెక్సాస్‌వాడికి తన రాష్ట్రం పేరు వెనక రాసి ఉంటే చాలు. ఈ పాఠాలను లేఖక దోషాలుగా భావించి దిద్దబోయేవారు అమ్మకాల విభాగంవారితో మాట్లాడుకోవాలి.

తరగతి అక్షరాల విషయంలో వ్యాఖ్యాతకు ఒక అనుమానం ఎప్పటినుంచో ఉంది. ఎఫ్-150లో ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఎల్‌టీ, లారియట్, కింగ్ రాంచ్, ప్లాటినం అని మెట్లున్నాయి. నునుపుగా, శుభ్రంగా ఉంటుందని లోగోలు పీకించేవాళ్లలో కింది మెట్టువాళ్లే కనిపిస్తారు. ప్లాటినం అని రాసి ఉన్నవాడికి ఆ నునుపు మీద మోజు కలిగినట్టు ఎక్కడా చూడలేదు. మన కవిగారి బండి ఎక్స్‌ఎల్‌టీ. ఎదురింటాయనది ప్లాటినం. పద్యంలో ఎదురింటాయన లేడు గానీ, పద్యం ఆయన పుట్టించిందే.

ప్రయోగ విధి

పీకదలచినవారి కోసం. ముందుగా భార్యను అడిగి హెయిర్ డ్రయరు తెచ్చుకోవాలి. అడగకుండా తెస్తే అది వేరే అధ్యాయం. బిళ్ల అంచుల చుట్టూ నిమిషమో రెండు నిమిషాలో వేడి గాలి తగిలించాలి. జూలై మధ్యాహ్నం టెక్సాస్ ఎండలో అయితే డ్రయరు అక్కర్లేదు, చెయ్యి పెట్టగలిగితే చాలు. తర్వాత పళ్లు శుభ్రం చేసుకునే దారాన్ని రెండు చేతుల వేళ్లకు చుట్టి, అక్షరం వెనక దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగాలి. స్క్రూడ్రైవరుతో ఎత్తబోతే రంగు లేస్తుంది. అక్షరం చేతికి వచ్చాక దాని ఆకారంలోనే నల్లటి స్పాంజి జిగురు రేకు మీద మిగిలి ఉంటుంది. దాన్ని బొటనవేలితో దొర్లిస్తూ పోతే ఉండలు ఉండలుగా రాలుతుంది. చివరి పొరకు జిగురు పోగొట్టే ద్రావకం, ఆపైన పాలిషు.

అంతా పోయిందనుకున్నాక ఏటవాలు వెలుతురులో చూస్తే అక్షరాలు మళ్లీ కనిపిస్తాయి. చుట్టూ రంగు ఎండకు వెలిసి, బిళ్ల కింద రంగు కొత్తగా ఉండిపోయినందువల్ల. అందుకే పీకేదేదో బండి కొత్తలోనే పీకాలి, ఏళ్లు గడిచాక పీకి లాభం లేదు. ఇంకో హెచ్చరిక. కొన్ని బిళ్లలకు జిగురుతో పాటు వెనక పిన్నులుంటాయి, ఊడదీస్తే రేకులో రంధ్రాలు మిగులుతాయి. ముందు వైపు బిళ్లల మీద అసలు చెయ్యి వేయకూడదు. టొయోటా వారి అనేక బండ్లలో ముందు బిళ్ల వెనకే రాడారు ఉంటుంది, ముందు పోయే బండికి ఎంత దూరంలో ఉన్నామో చూసేది అదే. కవి "వెనుక" అని ప్రత్యేకించి అనడం ఎంత యుక్తమో దీనివల్ల తెలుస్తుంది.

పీకవద్దంటే విని నష్టపోయిన దృష్టాంతం

టెక్సాస్ సిటీలో ఒక ప్లంబరు తన ఎఫ్-250ని 2013లో డీలరుకిచ్చి వేరే బండి తీసుకున్నాడు. తలుపు మీద అతని వ్యాపారం పేరు, ఫోన్ నంబరు స్టిక్కరుగా ఉన్నాయి. తనే పీకబోతుంటే, రంగు పాడవుతుందని సేల్స్‌మన్ వారించాడు. బండి వేలానికి వెళ్లి, ఓడెక్కి, చేతులు మారింది. 2014 డిసెంబరులో సిరియా యుద్ధంలో, వెనక విమాన విధ్వంసక తుపాకీ బిగించుకుని, తలుపు మీద ఆ ప్లంబరు పేరుతో, నంబరుతో సహా ఫొటోలో కనిపించింది. వేల కొద్దీ ఫోన్లు, బెదిరింపులు. ఆ బండి వెనక తయారీదారు లోగో ఉందా లేదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

సిద్ధాంతం

దీన్నిబట్టి వ్యాఖ్యాత తీర్పు. నీలం బిళ్ల ఉంచవచ్చు. పీకినా అది ఏ కంపెనీ బండో వీధి చివర నుంచే అందరికీ తెలుస్తుంది, బొట్టు కూడా ఉంది. ఎక్స్‌ఎల్‌టీ అక్షరాలు ఎదురింటాయన బండి మార్చేదాకా వాయిదా. ఫోర్ బై ఫోర్ స్టిక్కరు నిజమే చెబుతోంది, ఉండనీయాలి. డీలరు పేరు మాత్రం ఈ రోజే పీకాలి. అతను బండి తయారు చేయలేదు, వాయిదాలు కట్టడం లేదు, కాగితాల మీద సంతకాలు అవుతుండగా అడగకుండా అతికించాడు. ఇంకా కొనబోయేవారు "మీ పేరు నా బండి మీద వద్దు" అని ముందే చెబితే పై ప్రయోగ విధి చదివే శ్రమ తప్పుతుంది.

మూలప్రతి అంచున, వేరొక చేతిరాతలో: "ఏమండీ, టైటిల్ కాగితం మీద బ్యాంకువాళ్ల పేరే ఉంది. 72 నెలల్లో మనం కట్టింది నాలుగు. ఏది పీకాలన్నా వాళ్లను అడిగి పీకండి. నా డ్రయరు మాత్రం బాత్రూంలో పెట్టేయండి."