బేరాల బాబాయి

చెన్నై సౌకార్‌పేటలో సందుకొక బేరాల బాబాయి ఉంటాడు. యాభై దాటి అరవై తగలని వయసు. చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం, చేతిలో కొడుకు వాడి వదిలేసిన ఫోను. తెలుగువాళ్లు వరసకు బాబాయ్ అంటే, మార్వాడీ సేట్లు అదే ఆయన పేరనుకుని అలాగే పిలుస్తారు. ఏ వస్తువు చూసినా ఇదేమిటని అడగడు. “ఎంత?” అంటాడు. చెప్పాక “ఎంతకిస్తావ్?” అంటాడు. మొదటి జవాబుకీ రెండో జవాబుకీ మధ్య ఉన్న జాగాలోనే ఆయన కాపురం.

ఆయన్నని లాభం లేదు. ఊరి పుట్టుకే అలాంటిది. 1639లో దామెర్ల నాయకుల దగ్గర ఈ ఇసుక నేల పట్టా పుచ్చుకున్న ఫ్రాన్సిస్ డే, ఇక్కడ నేతబట్ట మిగతా చోట్లకంటే 20 శాతం చవకని తన ఈస్టిండియా కంపెనీవాళ్లకు నచ్చజెప్పాడు. ఓడ నిలవడానికి రేవు లేదు, అలలకు పడవలు తిరగబడేవి. ఐనా కోట లేచింది. తగ్గింపు ధర మీద పునాది వేసిన మహానగరం ఇంకేదైనా ఉందేమో నాకు తెలియదు గానీ, బాబాయికి మాత్రం ఈ 20 శాతం సంగతి తన ఇంటిపేరంత బాగా గుర్తుంటుంది. దానికన్నా ఆయనకు ముద్దైన కథ ఇంకొకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ శత్రుభయంతో పేట చుట్టూ గోడ కట్టించి, ఆ ఖర్చు పేటవాళ్ల నుంచే పన్నుగా రాబట్టుకుందామనుకుంది. పేటవాళ్లు ససేమిరా అన్నారు. పన్ను వసూలు కాలేదు. వాల్‌టాక్స్ రోడ్డన్న పేరు ఒక్కటే మిగిలింది. “నూటికి నూరు తగ్గింపు! గోడ వాళ్లది, ఖర్చు వాళ్లది, కాపలా మనకి!” అని ఇప్పటికీ బాబాయి ఆ రోడ్డు మీద నడిచినప్పుడల్లా మురిసిపోతాడు.

బాబాయి తాత నెల్లూరు నుంచి వచ్చి కొత్వాల్ చావడిలో ఒక చింతపండు మండీలో గుమాస్తాగా కుదిరాడు. 1996లో అక్కడి కూరగాయల హోల్‌సేల్ మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయింది. బాబాయి తరలలేదు. “కూరలు పోయాయి గానీ బేరం ఎక్కడికి పోతుందిరా” అంటాడు. సెకండ్ లైన్ బీచ్‌లో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో లెక్కలు రాస్తాడు కాబట్టి, ఓడ దిగిన సరుకు అసలు ధర ఎంతో, దాని మీద సుంకమెంతో నాలుక చివరనే ఉంటుంది. బేరమాడేవాడికి ఆ విద్య కూడా తోడైతే ఎదుటివాడి గతి ఊహించుకోవాల్సిందే.

ఆన్‌లైన్ వచ్చినప్పుడు బాబాయి పని అయిపోయిందనుకుంది పేట. వేసిన రేటు వేసినట్టే ఉంటుంది, అవతల మనిషే లేడు, ఎవరితో ఆడతాడు? ఒక నెల దిగులుగానే తిరిగాడు. తర్వాత కిటుకు దొరికింది. దుకాణంలో ఫోను తీసి “ఇందులో ఇంతకే ఇస్తున్నాడు చూడు” అంటాడు. ఇంటికొచ్చి అదే ఫోనుతో “నీకన్నా సేటు నయం” అంటాడు. దుకాణంలో ఆన్‌లైన్ భక్తుడు, ఇంట్లో దుకాణం భక్తుడు. ఏ గుడిలోనూ హుండీలో వేయడు.

ఫోనులో వస్తువుని కార్టులో పడేసి, డబ్బు కట్టకుండా బయటికొచ్చేస్తాడు. మర్నాడు మీ వస్తువు మీ కోసం ఎదురు చూస్తోందని కబురొస్తుంది. “చూశావా, వెనక్కి పిలుస్తున్నాడు!” అని పిన్నికి చూపిస్తాడు. మూడో రోజు 20 రూపాయలు తగ్గితే ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ ఇంకాస్త చిక్కగా అడుగుతాడు. నాలుగో రోజు 30 పెరిగితే అన్నం సయించదు. ఒకసారి అందులోని సహాయం చాట్‌లోకి వెళ్లి, “ఆఖరి మాట చెప్పు” అని తెలుగులోనే కొట్టాడు. క్షమించండి, మీ ప్రశ్న నాకు అర్థం కాలేదని జవాబొచ్చింది. బాబాయి ఏమీ చిన్నబుచ్చుకోలేదు. “అర్థం కానట్టు నటించడం మన సేటుకూ వచ్చు. వాడి దగ్గరే నేర్చుకుని ఉంటుంది.”

‘ఇంకా రెండే మిగిలాయి’ అన్న ఎర్ర అక్షరాలు దసరా నుంచీ రెండు దగ్గరే ఆగిపోయాయని కనిపెట్టింది కూడా ఆయనే. ఇలా లేని తొందర పుట్టించడం సహా 13 రకాల మాయల్ని డార్క్ ప్యాటర్న్స్ పేరిట కేంద్రం 2023 నవంబరు 30న నిషేధించిందని పేపర్లో చదివినప్పుడు ఆయనకు నవ్వాగలేదు. “పదమూడేనా? గోడౌన్ వీధిలో ఒక మధ్యాహ్నం కూర్చోబెడితే ఇంకో పాతిక రాయించేవాణ్ణి.”

అసలు ఆన్‌లైన్‌తో ఆయనకున్న పేచీ ధర గురించి కాదు. అక్కడ అందరికీ ఒకటే తగ్గింపు. పక్కింటివాడికీ, ఏమీ తెలియని కుర్రాడికీ, తనకీ అదే 449. అందరికీ తగ్గించిన ధర ఆయన లెక్కలో తగ్గింపే కాదు. తన ముఖం చూసి, తన మాటకు లొంగి, మనసొప్పక తగ్గించినదే తగ్గింపు.

బెంగుళూరులో ఉన్న కూతురు ఒకసారి నాన్నకని ఏదో ఆన్‌లైన్‌లో పంపింది. ఇచ్చేవాళ్లకు ఎప్పుడూ ఉన్న కష్టమే, డెలివరీ కుర్రాడు గోవిందప్ప నాయక్కన్ వీధి వెనక సందులో అరగంట తిరిగాడు. ఆరు కాపురాలున్న పాత ఇల్లు, మేడ మీద వెనక పోర్షను, మెట్లు మాత్రం ఇంకో సందులోంచి. ఎలాగో చేరాడు.

“ఎంత?” అన్నాడు బాబాయి.

“ప్రీపెయిడ్ అంకుల్. ఓటీపీ చెప్పండి చాలు.”

“అదే, ఎంత పెట్టి కొన్నదని?”

“గిఫ్టు అంకుల్. రేటు వేయరు. ఓటీపీ…”

“నువ్వు ముందు రేటు చెప్పు. తర్వాత నేను ఓటీపీ చెప్తాను.”

కుర్రాడు తన వృత్తిలో తుపాన్లు చూశాడు, కుక్కల్ని చూశాడు, ఇలాంటిది చూడలేదు. చివరికి లోపల్నుంచి పిన్ని ఓటీపీ అరిచింది. ఆ పెట్టెలో వచ్చిన మోకాళ్ల మసాజు యంత్రాన్ని బాబాయి ఇప్పటికీ వాడలేదు. ఎంతదో తెలియని వస్తువుతో మోకాలు తగ్గుతుందన్న నమ్మకం ఆయనకు లేదు. అమెరికాలో వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో ఒక వ్యాసం రాశాడు. క్రిస్మస్ కానుక అందుకున్నవాళ్లు దానికి కట్టే విలువ, ఇచ్చినవాళ్లు పెట్టిన ఖర్చుకంటే తక్కువగా ఉంటుందనీ, పదో వంతు నుంచి మూడో వంతు దాకా అలా గాలికి పోతుందనీ తేల్చాడు. ఆ పెద్దమనిషి మన బాబాయి కానుక కొనడం చూసి ఉంటే లెక్కలో ఇంకో నిలువు గీత గీయాల్సి వచ్చేది: ఇచ్చేవాడు దారిలోనే అనుభవించేసిన ఆనందం.

డిసెంబరు వస్తే చెన్నై ఆఫీసుల్లో క్రిస్‌మా, క్రిస్‌చైల్డ్ ఆట మొదలవుతుంది. హైదరాబాదులో సీక్రెట్ శాంటా అంటారే, అదే. చీటీలు వేస్తారు. ఎవరి పేరు మనకొస్తే వాళ్లు మన క్రిస్‌చైల్డ్, వాళ్లకు మనం రహస్యంగా క్రిస్‌మా. నాలుగు రోజులు చీటీల్లో చిలిపి పనులు చెప్పి, చివరి రోజు కేకు కోసి కానుక ఇవ్వాలి. మతంతో పని లేదు, నామం పెట్టుకున్నవాళ్లూ ఆడతారు, విభూతి పెట్టుకున్నవాళ్లూ ఆడతారు. బాబాయి ఆఫీసులో కానుక 500 దగ్గరదై ఉండాలని మేనేజరు నియమం. బాబాయికి కొత్తగా చేరిన డాక్యుమెంటేషన్ అమ్మాయి పేరొచ్చింది. ఊపితే లోపల మంచు కురిసే గాజు గోళం ఇద్దామని పిన్ని సలహా. ఫోనులో 449. ఇక బాబాయి చెప్పులు వేసుకున్నాడు.

క్రిస్మస్ ముందు నారాయణ ముదలి వీధిలో నడవడమంటే నడిపించబడటమే. రెండు పక్కలా రంగు కాగితపు నక్షత్రాలు, జరీ తోరణాలు, ప్లాస్టిక్ సరుగు కొమ్మల్లాంటి చెట్లు, గుత్తులు గుత్తులుగా శాంటా టోపీలు. నెత్తిన బస్తా ఉన్నవాడు “వళి, వళి” అని దారి అడుగుతూ వీపు మీద మోచెయ్యి ఆనిస్తాడు. సేటు దుకాణం మూడు మెట్లెక్కితే వస్తుంది. గోడకు ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అరవంలో, హిందీలో, తెలుగులో బోర్డు. సేటుది ఇక్కడ మూడో తరం. రాజస్థాన్ కన్నా రాయపురం బాగా తెలుసు.

“సింగిల్ పీసు ఇవ్వను బాబాయ్. డజను తీస్కో.”

“ఒకటే కావాలి. ఎంత?”

“ఒకటైతే నాలుగొందల ఇరవై. నీకు గనక.”

“మంచు ఎన్నాళ్లు కురుస్తుంది?”

“ఊపినన్నాళ్లు.”

బాబాయి ఫోను తీశాడు. సేటు చూడనే లేదు. ఆ ఫోను ఆయనకు ఎన్నిసార్లు చూపించారో. “డ్యూటీ బాబాయ్. 2020లో ఇరవై శాతం అరవై చేశారు, 2023లో డెబ్భై చేశారు. మేమెక్కడికి పోవాలి?”

ఇక్కడే సేటు తప్పటడుగు వేశాడు. క్లియరింగ్ ఆఫీసువాడి ముందు కస్టమ్స్ ఎత్తకూడదు. “ఆ డెబ్భై ఆటబొమ్మల మీద. అది 9503 పద్దు. క్రిస్మస్ అలంకరణ సరుకు 9505. నీ డెబ్భై దీనికంటదు.”

సేటు కాసేపు ఆలోచించాడు. “ఐనా ఇది ఫిరోజాబాద్ సరుకు బాబాయ్. ఓడెక్కనే లేదు.”

“మరి డ్యూటీ అన్నావేం?”

“అందరికీ చెప్తా. ఎవరూ పద్దు నంబరు అడగలేదు.”

ఆ తర్వాత టీ వచ్చింది. టీ వచ్చిందంటే బేరం ముదిరిందని అర్థం. 420 కాస్తా 380కి దిగి అక్కడ చతికిలబడింది. బాబాయి లేచాడు. మెట్లు దిగడంలో ఒక పద్ధతుంది: మొదటి మెట్టు విసురుగా, రెండో మెట్టు నెమ్మదిగా, మూడో మెట్టు మీద చెప్పు సర్దుకోవడానికి ఆగాలి. అక్కడ పిలవకపోతే ఇద్దరికీ అవమానం. సేటు పిలిచాడు. “సింగిల్‌కు తగ్గదు బాబాయ్. డజనైతే రెండొందల అరవై వేస్తా.” డజను మాట సేటు నోట వచ్చిందో లేదో బాబాయి కళ్లలో దీపాలు వెలిగాయి. చీకటి పడేసరికి 210 దగ్గర చేతులు కలిశాయి.

ఆ డజను పెట్టె భుజానెత్తుకుని బాబాయి నేరుగా ఇంటికి వెళ్లలేదు. మింటు వీధికి మళ్లి కాకడా రాంప్రసాద్‌లో జిలేబీ పొట్లం కట్టించాడు. అక్కడ బేరమాడలేదు, తూకం మాత్రం వంగి చూశాడు.

“మనకు కావలసింది ఒకటి కదండీ,” అంది పిన్ని.

“ఒకటి కొంటే డబ్బు పోవడమే. ఇటు చూడు.” జేబులోని కాగితం నాలుగు మడతలూ విప్పాడు. “ఫోనులో 449. నేను కొన్నది 210. ఒక్కోదాని మీద మిగిలింది 239. పన్నెండింటి మీద 2,868. మరి నేను పెట్టిందెంత? 2,520. ఎదురు 348 నాకే రావాలి. అందులోంచే ఈ జిలేబీ.”

పిన్ని జిలేబీ తీసుకుంది. పెట్టె మాత్రం అటక మీద చోటు లేదంది. ఆ అటక సంగతి ఆవిడకే తెలుసు: బేరంలో వచ్చిన నాలుగు డజన్ల స్టీలు గరిటెలు, రెండు డజన్ల గోడ గడియారాలు, పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పంచగా పంచగా ఇంకా మిగిలి ఉన్నాయి. బంధువుల ఇళ్లలో ఒకే గడియారం కనిపిస్తే అది బాబాయి తరఫు అని గుర్తు. కాబట్టి పెట్టె ఆఫీసుకు చేరి, ఆయన బల్ల కింద కాలు చాపుకోవడానికి అడ్డంగా కూర్చుంది. అందులోంచి ఒకటి తీసి రంగు కాగితం చుట్టించాడు.

కేకు రోజున ఆ అమ్మాయి కాగితం విప్పి గోళం ఊపింది. మంచు కురిసింది. పైన ఫ్యాను తిరుగుతోంది, కింద అందరికీ చెమటలు, నడుమ గుప్పెడు మంచు. ముచ్చటగానే ఉంది. ఇచ్చినవాళ్లెవరో ఆమె ఊహించాలి, అదీ ఆట. కానీ ఈ కాలపు పిల్ల. ఊహించడం మానేసి ఫోను కెమెరా దాని మీద పెట్టింది.

“మూడొందల తొంభై తొమ్మిది చూపిస్తోంది!”

మొన్నటి 449 ఇవాళ 399 అయిందన్నమాట. ఐదొందల నియమానికి వంద తక్కువని ఎవరో సణిగారు. బాబాయి ఆ క్షణాన ఊరుకుని ఉంటే రహస్యం రహస్యంగానే ఉండేది. కానీ ఎదురుగా ఒక తప్పుడు ధర పలుకుతుంటే నోరు మూసుకుని కూర్చునే యోగం ఆయన జాతకంలో లేదు.

“ఎవరు చెప్పారు మూడొందల తొంభై తొమ్మిదని? రెండొందల పది!”

కేకు కోస్తున్న చెయ్యి ఆగింది. మేనేజరు మొహం ముడుచుకుంటుందని అందరూ అటు చూశారు. మేనేజరు చూపు బల్ల కింద పెట్టె మీద ఉంది.

“ఇంకా ఉన్నాయా? మా ఇంటికొకటి ఇవ్వండి. మీరన్న ధరే, రెండొందలు చేసుకోండి.”

బాబాయి కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. పెట్టె మీద కాలు పెట్టాడు.

“అది డజను రేటు సార్. సింగిల్‌కు రాదు.”

“మరెంత?”

“మీకు గనక మూడొందల ఎనభై. కావాలంటే ఆన్‌లైన్‌లో చూసుకోండి, తొంభై తొమ్మిదుంది.”

డాక్యుమెంటేషన్ అమ్మాయి గోళాన్ని మళ్లీ కాగితంలో చుట్టి ఆయన ముందు పెట్టింది. “అయితే నాది తీసుకుని ఆ మూడొందల ఎనభై ఇచ్చేయండి అంకుల్.”

బాబాయి ఆమెను తొలిసారిగా గౌరవంగా చూశాడు.

“వాపసుకు నూట తొంభై అమ్మా. ఆఖరి మాట.”