గిల్టు అక్షరాలు

మొన్న బందరు కోనేరు సెంటర్లో ఒక ఫ్లెక్సీ చూశాను. ఎవరో పెద్దాయన పోయారు. పైన ‘శ్రద్ధాంజలి’. అక్షరాలు మాత్రం ఒకదాని భుజం మీద ఒకటి చేతులేసుకుని చిందులేస్తున్నాయి. తలకట్లు మెలితిప్పిన మీసాల్లా ఉన్నాయి. చుట్టూ పసుపు అంచు, వెనకాల ఎర్ర నీడ. చోటు చాలక అణగ్గొట్టారేమో, ‘ద్ధా’ కింది ఒత్తు వెళ్ళి పెద్దాయన మెడలో దండలో ఇరుక్కుంది. దూరం నుంచి పుట్టినరోజనుకున్నాను.

కొట్టిన కుర్రాణ్ణి అడిగాను. “పెళ్ళి ఫైలేనండీ, ఫొటో, పేరు మార్చాం. రిచ్‌గా ఉంటదండీ” అన్నాడు.

ఇంగ్లీషువాళ్ళకీ ఇలాంటి గోల ఒకటుంది, కామిక్ శాన్స్ అనే ఫాంటుతో. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కానేర్ గీశాడు, ఒక బొమ్మకుక్క మాటల బుడగ చూసి పుట్టిన ఆలోచనతో. 2012 జూలై 4న సెర్న్‌లో హిగ్స్ బోసాన్ కబురు చెప్పిన స్లైడ్లు కూడా అందులోనే ఉండేసరికి, జనం కణాన్ని వదిలేసి ఫాంటు మీద పడ్డారు.

నాకు దాని మీద కోపం లేదు. మా చిలకలపూడి వాళ్ళు గిల్టు నగని గిల్టనే అమ్ముతారు, కొనేవాళ్ళు తెలిసే కొంటారు. కామిక్ శాన్స్‌దీ ఆ జాతే. నేను బుడగలో అక్షరాన్నని మొహం మీదే చెప్తుంది. దాన్ని తీసుకొచ్చి తద్దినం భోజనాల పిలుపులో కూర్చోబెట్టినవాడిదే తప్పు.

ఒళ్ళుమండేది రెండోరకంతో, గిల్టయ్యుండీ బంగారమని నమ్మించేదానితో. పెడన అచ్చు గుడ్డలో, అచ్చు పక్కన అచ్చు పడినచోట సన్నటి అతుకు కనిపిస్తుంది. చెయ్యి జరిగితే గీతా జరుగుతుంది. స్క్రీను మీద కొట్టిన గుడ్డని చేతి అచ్చని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. అక్షరాల్లోనూ ఆ బాపతుంది. ఎన్నికలప్పుడు మా ఇంటికి ఒక నాయకుడి ‘స్వహస్తాలతో’ రాసిన ఉత్తరం వచ్చింది. అందులో ఏడు ‘మీ’లున్నాయి. ఏడూ ఒకేచోట, ఒకేలా వంకరపోయాయి. అంత నిలకడ ఆయన పార్టీల విషయంలో చూపించి ఉంటే బాగుండేది.

పోనీ మనకి మంచి అక్షరాల్లేవా అంటే, అదీ కాదు. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన దివిసీమ మనిషి మండలి వెంకట కృష్ణారావు గారి పేరిట ‘మండలి’ ఫాంటుంది. నిమ్మకూరులో పుట్టి, 1983లో గుడివాడ నుంచి గెలిచిన అన్నగారి పేరిట ‘ఎన్‌టీఆర్’ ఫాంటుంది. రెండూ పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి, సిలికానాంధ్ర ఉచితంగా పంచినవి. పైసా ఖర్చు లేదు. గుడివాడలో అన్నగారి బొమ్మ వేసిన ఫ్లెక్సీలు లెక్కలేనన్ని చూశాను. అన్నగారి ఫాంటులో కొట్టింది మాత్రం ఇంకా నా కంటబడలేదు.

ఫ్లెక్సీ షాపు బాబూ, ఎప్పటికైనా నా ఫొటో కూడా నీ దగ్గరికే వస్తుంది. ‘మండలి’లో కొట్టు. నీడ వద్దు, అంచు వద్దు. ఒత్తుల్ని మాత్రం వాటి చోట ఉండనివ్వు.