ముల్లు చూపని వేడి

నేను ఆటోమేటిక్ గేర్‌బాక్సును. నాకు నాలుగు గేర్లు. నన్ను ఏడబ్ల్యూ4 అంటారు. జపాన్‌కు చెందిన ఐసిన్ వార్నర్ తయారీని. టొయోటా బండ్లలో పేరు తెచ్చుకున్న ఏ340 కుటుంబమే నాది. 1987 మోడల్ నుంచి జీప్ చెరోకీలో నాలుగు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజనుకు జతగా మమ్మల్ని బిగించేవారు. అమెరికాలో ఆ చెరోకీ తయారీ 2001 మోడల్‌తో ముగిసింది. నేను మాత్రం యూటా రాష్ట్రంలో మోయాబ్ చుట్టుపక్కల ఎర్ర బండరాళ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాను. ముందు జాలీ వెనకాల ఒదిగి ఉన్న చిన్న అల్యూమినియం కూలర్ వల్లే ఇన్నాళ్లు బతికాను.

నా పని ఎలా సాగుతుందో ముందు చెప్పాలి. ఇంజనుకూ నాకూ మధ్య ఉన్నది నూనె. టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డొప్పలో ఇంజను వైపు రెక్కలు నూనెను విసురుతాయి. ఆ విసురుకు నా వైపు రెక్కలు తిరుగుతాయి. రెండు వైపులా వేగం కలవనంతసేపూ ఇంజను శక్తిలో కొంత నూనెలోనే వేడిగా మిగిలిపోతుంది. హైవే మీద పై గేర్లలో ఒక లోపలి క్లచ్ పడి రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. అప్పుడు నాకు హాయి. బండలెక్కేటప్పుడు ఆ క్లచ్ పడదు. బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా పాకుతుంటే ముందు నుంచి గాలీ రాదు.

నూనెను చల్లబరచడానికి ఫ్యాక్టరీవాళ్లు రేడియేటర్ పక్క ట్యాంకులో ఒక ఏర్పాటు చేశారు. మామూలు రోడ్డుకు అది చాలు. కానీ ఆ ట్యాంకులో ఉండే కూలెంటే 90 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉంటుంది. నా నూనెను అంతకన్నా కిందికి అది దించలేదు. దాదాపు 80 డిగ్రీల దగ్గర నా నూనె చాలాకాలం మన్నుతుంది. అక్కడి నుంచి పెరిగే ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని మెకానిక్కుల లెక్క. 120 దాటితే జిగురు కడుతుంది, సీళ్లు గట్టిపడతాయి, ఆపైన గేర్లు మార్చే నా క్లచ్ పలకలు మాడతాయి. ఇదంతా జరుగుతున్నా నా బండి డాష్‌బోర్డు మీద ముల్లు కదలదు. ఎందుకంటే అది ఇంజను వేడిని చూపే ముల్లు. ఫ్యాక్టరీ నుంచి నా వేడి చెప్పే ముల్లంటూ లేనే లేదు.

నా యజమానురాలు కొలరాడో నది మీద పర్యాటకులను పడవల్లో తిప్పే గైడు. బండిని పాతదే కొంది. ఇరుసు గేర్లను అలాగే ఉంచి 31 అంగుళాల టైర్లు వేయించింది. పెద్ద టైరు తిప్పాలంటే ఇంజను ఎక్కువ కష్టపడాలి, కన్వర్టర్ ఎక్కువ జారాలి. ఆ భారం నా నూనె మీదే పడింది. వారమంతా పడవల ట్రైలరు లాగడం, సెలవురోజున హెల్స్ రివెంజ్ దారిలో నున్నటి ఇసుకరాతి దిబ్బలెక్కడం. మోయాబ్‌లో జూలై ఎండ 37, 38 డిగ్రీలకు చేరడం మామూలే. ఒక వేసవి గడిచేసరికి, వేడెక్కినప్పుడల్లా గేరు పడటం ఆలస్యమయ్యేది. ఆమె స్నేహితుడైన మెకానిక్కు డిప్‌స్టిక్ తీసి తెల్లగుడ్డకు తుడిచాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె టీ డికాషన్ రంగులో ఉంది.

"వాసన చూడు, మాడింది. ఇంకో వేసవి ఇలాగే తిప్పితే క్లచ్‌లు మిగలవు" అన్నాడు.

ట్రైలరు లాగే ప్యాకేజీతో వచ్చిన చెరోకీలకు అదనపు కూలర్ కంపెనీయే ఇచ్చేది. పాత బండ్ల యార్డులో అలాంటిదొకటి దొరుకుతుందేమో చూద్దామా అని ఆమె అడిగింది. అతను ఒప్పుకోలేదు. చెడిపోయిన గేర్‌బాక్స్ నుంచి ఊడిన లోహపు రజను ఆ కూలర్ సందుల్లో ఇరుక్కుని ఉండొచ్చు, ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఆ మాటకు నేను అతనికి రుణపడి ఉన్నాను. కొత్తదే కొన్నారు, పలకల మీద పలకలు పేర్చిన రకం.

అసలు వాదన ఆ తర్వాత మొదలైంది. రేడియేటర్‌ను పూర్తిగా తప్పించి నూనెను కొత్త కూలర్‌కే పంపాలా? అలా చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. పాత రేడియేటర్ లోపలి గొట్టం చిట్లితే కూలెంటు నా నూనెలో కలుస్తుంది. నూనె గులాబీరంగు పాలలా మారుతుంది, క్లచ్ పలకల మీది పొర నానిపోయి ఊడుతుంది. కానీ మోయాబ్ చలికాలంలో రాత్రులు నీళ్లు గడ్డకడతాయి. చిక్కబడ్డ నూనెతో గేర్లు మార్చడం నాకూ కష్టమే. ఉదయాన నన్ను త్వరగా వెచ్చబరిచేది ఆ రేడియేటరే. అందుకే కొత్త రేడియేటర్ వేసి, దాని తర్వాత కూలర్ పెట్టారు. నూనె ముందు రేడియేటర్‌కు, అక్కడి నుంచి కూలర్‌కు, చల్లబడ్డాక నేరుగా నా దగ్గరికి. నా ఉద్దేశంలో పాత బండికి ఇదే సరైన వరస.

కూలర్‌ను ఏసీ కండెన్సర్ ముందు చిన్న సందు వదిలి, ఇనుప పట్టీలతో బిగించారు. రేకుల మధ్యగా ప్లాస్టిక్ కడ్డీలు గుచ్చి తగిలించే పద్ధతి ఉంది గానీ, అదురుకు అవి రాసుకుని గొట్టాన్ని కోసేస్తాయి. పెట్రోలు హోసు వాడలేదు. గేర్‌బాక్స్ నూనె వేడికి తట్టుకునే హోసే వేశారు. ఉక్కు గొట్టం కొసను కాస్త ఉబ్బించి, హోసు ఎక్కించి, ఆ ఉబ్బు వెనక క్లాంపు బిగించారు. లేకపోతే నా ఒత్తిడికి హోసు ఊడి, నూనెంతా రాళ్ల పాలవుతుంది.

అడుగు బిరడా విప్పితే నా నూనె మొత్తం రాదు, చాలా భాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కొద్దిరోజుల తేడాతో మళ్లీ మళ్లీ దింపి కొత్తది పోశారు. నా నుంచి వేడి నూనె బయటికొచ్చే గొట్టానికి సెన్సర్ పెట్టి, బండి లోపల ఆమెకు కనబడేలా ఒక మీటర్ అమర్చారు. కూలర్ ఎంత ఉపకారం చేసిందో ఈ మీటరూ అంతే చేసింది. వేడి పెరిగినట్టు కనబడితే ఆమె ఆగుతుంది. ఆగినా ఇంజను ఆపదు, ఎందుకంటే అది ఆగితే నా పంపూ ఆగుతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. న్యూట్రల్‌లో పెట్టి కాస్త రేజ్ చేస్తుంది. నూనె కూలర్ గుండా తిరిగి చల్లబడుతుంది. దిబ్బ మొదట్లోనే నా వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజ్ వేస్తుంది. అక్కడ 2.72 రెట్లు గేరు తగ్గడంతో కన్వర్టర్ తక్కువ జారుతుంది, అసలు వేడే తక్కువ పుడుతుంది.

మాడిన క్లచ్‌ను ఏ కూలరూ బాగుచేయలేదు. నాకు అది వేళకు అందింది. మీరు కొండల్లో తిప్పడానికి నాలాంటి గేర్‌బాక్స్ ఉన్న పాత బండి కొంటుంటే, పెయింటు చూసే ముందు డిప్‌స్టిక్ తీయండి. నూనె ఎర్రగా ఉండి మాడు వాసన లేకపోతే, పెద్ద టైర్ల మీద ఖర్చు పెట్టేలోపే కూలర్ పెట్టించండి.